వలందపాలెం తాతయ్య – పాంకోర్ కోట

స్కూళ్ళకి సెలవులిచ్చారంటే కౌలాలంపూర్‌లో ఉండే మన తెలుగు కుటుంబాల్లో మొదలయ్యే ప్రశ్న ఒకటే: "ఈసారి ఎక్కడికి?" లంకావి అయిపోయింది, గెంటింగ్ నాలుగుసార్లు అయిపోయింది, కామెరాన్‌లో స్ట్రాబెర్రీలు కోసి కోసి పిల్లలకే విసుగొచ్చింది. పోయిన సెలవుల్లో మా ఇంట్లో ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. అమ్మ పోయాక మొదటిసారిగా నాన్న బందరు నుంచి మా దగ్గరికి వచ్చారు. డెబ్భై రెండేళ్ళ మనిషి. రిటైరైన సోషల్ మాస్టారు. మాల్స్‌లో తిప్పితే "బాగుందమ్మా" అంటారు గానీ బెంచీ మీద కూర్చుని ఫోనులో అమ్మ ఫోటోలు చూసుకుంటూ ఉంటారు.

"మావయ్యగారికి సముద్రం, చరిత్ర రెండూ ఉన్న చోటు చూడాలి," అన్నారు మావారు. అలా దొరికింది పాంకోర్.

పేరాక్ రాష్ట్రంలో, లుమూట్ రేవుకి ఎదురుగా ఉన్న చిన్న ద్వీపం ఇది. వైశాల్యం సుమారు 18 చదరపు కిలోమీటర్లు. మా ప్రయాణంలో రెండు సంగతులున్నాయి. ఒకటి, డచ్చివాళ్ళు కట్టిన కోట శిథిలాలు. రెండోది, నీరు తీసినప్పుడు నడిచి వెళ్ళగలిగే గియాం అనే బుల్లి లంక. మొదటిది చూసి పొంగిపోయాం. రెండోదాని దగ్గర, నిజం చెప్పొద్దూ, నా తొందరపాటువల్ల ఒక పాఠం నేర్చుకున్నాం. ఆ రెండూ మీతో పంచుకుందామనే ఈ వ్యాసం.

పులిహోరతో పడవ ప్రయాణం

తెల్లవారుజామున బయల్దేరాం. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ డబ్బా షరా మామూలే. కారు లుమూట్‌లో పెట్టి ఫెర్రీ ఎక్కాం. అరగంటకి పైగా పట్టే ప్రయాణం. పక్క సీటులో కూర్చున్న పెద్దాయన మా మాటలు కాసేపు విని, "మీదే ఊరండీ?" అన్నారు స్వచ్ఛమైన తెలుగులో. పిల్లలిద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆయనది బాగాన్ దాతో ప్రాంతం. అక్కడి కొబ్బరి తోటల్లో పనికి తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారట. మలేషియాలోనే పుట్టి, మలేషియాలోనే మనవల్ని ఎత్తుకున్న మనిషి. ఇంట్లో మాత్రం ఇంకా తెలుగే.

ఈ దిగువ పేరాక్ ప్రాంతం ఇక్కడి తెలుగువారికి పుట్టిల్లు లాంటిదని మనలో చాలామందికి తెలియదు. మలయా ఆంధ్ర సంఘం 1955లో ఏర్పడింది. అదే నేటి మలేషియా తెలుగు సంఘం. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయి. వీసా స్టాంపు వేయించుకుని నిన్నగాక మొన్న దిగిన మనం ఆ పాత కాపుల ముందు పసిపిల్లలం. దిగేటప్పుడు ఆయన మా వాడి తల నిమిరి, "రేపు పున్నమి. నీళ్ళతో జాగ్రత్తమ్మా," అన్నారు. నేను తలూపాను గానీ ఆ మాట అంతగా చెవికెక్కలేదు.

పాంకోర్ ఊళ్ళో దిగగానే గులాబీ రంగు వ్యాన్లు బారులు తీరి ఉంటాయి. అవే ఇక్కడి టాక్సీలు. మా ఎనిమిదేళ్ళ వాడికి అది చాలు, సగం సెలవు సార్థకమైపోయింది. దారి పొడుగునా ఎండబెట్టిన నెత్తళ్ళ వాసన. నాన్న గట్టిగా గాలి పీల్చి, "గిలకలదిండి రేవులో ఉన్నట్టుంది," అన్నారు. వచ్చిన పది రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

కోట బెలందా

కోట ఉన్నది ద్వీపానికి తూర్పు తీరంలో, తెలుక్ గెడుంగ్ అనే పల్లెలో. తెలుక్ అంటే అఖాతం. గెడుంగ్ అంటే పెద్ద కట్టడం. అది మన 'గిడ్డంగి'కి చుట్టమే అంటారు. కోట అంటే ఏ గోల్కొండో, కొండపల్లో ఊహించుకోకండి. ఇళ్ళ మధ్య, చెట్ల నీడలో, పైకప్పు లేని ఎర్ర ఇటుకల గోడలు నాలుగు. మా పన్నెండేళ్ళ అమ్మాయి మొహం చిన్నబోయింది. "ఇంతేనా?" అంది.

నాన్న మాత్రం పలక ముందు నిలబడిపోయారు. 'కోట బెలందా' అని కూడబలుక్కుని చదివి, "అమ్మాయ్, మన వీధి పేరేమిటి?" అని నన్నడిగారు.

మాది మచిలీపట్నంలో వలందపాలెం. చిన్నప్పటి నుంచీ ఆ పేరు పలుకుతూనే ఉన్నాను గానీ, ఎందుకలా అంటారో ఆలోచించిందే లేదు. హాలండు వాళ్ళని మనవాళ్ళు వలందులు అన్నారు. మలయా వాళ్ళు బెలందా అన్నారు. రెండింటికీ మూలం పోర్చుగీసు వాళ్ళు పలికిన 'ఒలాందా' అనే మాటే. ఇక 'కోట' సంగతి చెప్పక్కర్లేదు, మలయ్ భాషలోనూ కోట కోటే! "అంటే తాతయ్యా, మన ఇల్లూ ఈ కోటా ఒకటే పేరా?" అంది మా అమ్మాయి. చిన్నబోయిన మొహం విచ్చుకుంది. నాన్నలోని సోషల్ మాస్టారు కూడా ఆ క్షణంలోనే మేలుకున్నారు.

ఆ తర్వాత అరగంట ఆయన చెప్పిందీ, పలక మీద ఉన్నదీ కలిపి చెబుతాను. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. మూడేళ్ళు తిరక్కుండా, 1605లోనే వాళ్ళ ఓడ మచిలీపట్నం వచ్చింది. వాళ్ళకి కావలసింది మిరియాలు, లవంగాలు, జాజికాయ. అవి దొరికే దీవుల్లో జనం వెండికంటే మన కోరమండల్ తీరపు బట్టలకే మోజుపడేవారు. అందుకని వలందులు ముందు మన బందరు, పులికాట్, భీమునిపట్నం వంటి రేవుల్లో కొట్లు పెట్టి, నేతబట్టలు, అద్దకం బట్టలు కొని తూర్పుకి తెచ్చి అమ్మేవారు. 1641లో మలక్కా కోటని పోర్చుగీసు వాళ్ళ నుంచి గెలుచుకున్నాక, వాళ్ళ కన్ను పేరాక్‌లో దొరికే తగరం మీద పడింది. తగరమంతా తమకే అమ్మాలని పట్టుబట్టారు. ఆ తగరాన్ని దాచుకోవడానికీ, వేరే ఓడలు ఎత్తుకుపోకుండా కాపలా కాయడానికీ 1670లో ఈ కోట కట్టారు.

"తగరం ఎందుకు తాతయ్యా? బంగారం కాదుగా!" అన్నాడు మావాడు.

"మీ అమ్మమ్మ ఇత్తడి గిన్నెలో పప్పుచారు కాచేది, గుర్తుందా? లోపల తెల్లగా మెరిసేది కదూ? అదేరా తగరం. కళాయి పూత లేకపోతే ఇత్తడిలో పులుసు చిలుమెక్కి పాడవుతుంది," అన్నారు నాన్న. అరబ్బు వర్తకులు తగరాన్ని 'కలయి' అనేవారనీ, ఈ ద్వీపకల్పం వైపున్న 'కలా' అనే పాత రేవు పేరు మీదుగా ఆ మాట పుట్టిందని చాలామంది పండితుల అభిప్రాయమనీ చెప్పారు. మా వీధిలోకి తిత్తి భుజాన వేసుకుని "కళాయీ..." అని అరుచుకుంటూ వచ్చే సాయిబు కళ్ళముందు మెదిలాడు. ఆ కేకలో మలయా ఉందని ఎవరికి తెలుసు?

భోజనం మధ్యలో కిటికీ దూకిన గవర్నరు

పిల్లలకి బాగా నచ్చిన కథ ఇది. విలియం డాంపియర్ అనే ఆంగ్ల నావికుడు 1689 ప్రాంతంలో ఈ కోటకి వచ్చి, చూసినవన్నీ తన యాత్రా గ్రంథంలో రాశాడు. అప్పట్లో ఇక్కడ పన్నెండు పద్నాలుగు ఫిరంగులు, ఇరవై ముప్ఫై మంది సైనికులు ఉండేవారు. గవర్నరు పగలు కోట బయట సముద్రపొడ్డున ఉన్న చెక్క ఇంట్లో ఉండేవాడట. ఒకరోజు ఓడలో వచ్చిన అతిథులకి విందు పెట్టాడు. అందరూ భోజనానికి కూర్చున్నారో లేదో, "మలయా వాళ్ళు వచ్చేశారు!" అని ఒక సిపాయి కేక పెట్టాడు. గవర్నరు అతిథులతో ఒక్క మాటైనా చెప్పకుండా కిటికీలోంచి దూకి కోటలోకి పరుగు! వెనకే మిగతా అధికారులూ అంతే.

మావాడు కింద పడి నవ్వాడు. ఆ రోజు నుంచి ఇంట్లో కాలింగ్ బెల్ మోగితే వాడికదే ఆట.

నవ్వు ఆగాక మా అమ్మాయి అడిగింది: "వాళ్ళకి అంత భయమైతే ఇక్కడెందుకున్నారు?" మంచి ప్రశ్న. ఇక్కడివాళ్ళ సరుకుని ఇక్కడివాళ్ళ ఇష్టంతో పనిలేకుండా కొనాలనుకున్నప్పుడు భయపడుతూనే బతకాలి మరి. 1690లో పంగ్లిమా కులుబ్ నాయకత్వంలో మలయా వీరులు దాడి చేసి ఈ కోటని పాడుచేశారు. వలందులు 1743లో మళ్ళీ కట్టుకుని అరవై మంది సైనికుల్ని పెట్టారు. అయిదేళ్ళకే, 1748లో, వదిలేసి వెళ్ళిపోయారు. తర్వాత రెండువందల ఏళ్ళకి పైగా అడవి కప్పేసింది. 1973లో మలేషియా ప్రభుత్వ పురావస్తు ప్రదర్శనశాల వారు బాగుచేయించారు. ఇప్పుడు మనం చూస్తున్నది అదే.

కోటకి కొద్ది దూరంలో 'బాతు బెర్సురాత్' అనే పెద్ద బండరాయి ఉంది. రాత రాసిన రాయి అని అర్థం. దాని మీద కంపెనీ ముద్ర, 1743 అనే సంవత్సరం, ఒక పులి బిడ్డని ఈడ్చుకుపోతున్నట్టున్న బొమ్మ చెక్కి ఉన్నాయి. తప్పిపోయిన ఒక డచ్చి బిడ్డ జ్ఞాపకంగా ఎవరో చెక్కారని చెప్పుకుంటారు. నాన్న ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. అప్పుడు నాకు కారణం తెలియలేదు.

గియాం లంకకి నడక

మర్నాడు పున్నమి. మేం దిగింది పడమటి తీరంలోని తెలుక్ నిపా దగ్గర. సాయంత్రాలు పెద్ద ముక్కుల హార్న్‌బిల్ పక్షులు అక్కడ గుంపులుగా చేరతాయి. పిల్లలున్నవాళ్ళు తప్పక చూడాలి. దానికి ఎదురుగానే గియాం లంక. పోటు మీద ఉన్నప్పుడు మధ్యలో సముద్రం. నీరు బాగా తీస్తే రాళ్ళూ, ఇసకా బయటపడి నడక దారి.

బస దగ్గర పనిచేసే అబ్బాయి పొద్దున్నే చెప్పాడు: "పదిన్నరకి నీరు పూర్తిగా తీస్తుంది. పన్నెండు కాకముందే వచ్చేయండి." పదింటికి పాత బూట్లేసుకుని బయల్దేరాం. మావారికి ఆఫీసు ఫోను రావడంతో ఒడ్డునే ఉండిపోయారు. చీలమండల లోతు నీళ్ళలో నడిచి దాటేశాం. అవతల రాళ్ళ గుంటల్లో చిన్న చిన్న చేపలు, సముద్రపు దోసకాయలు, పీతలు. పిల్లలకి స్వర్గమే.

నాన్న ఒక రాయి చూపించి పిల్లలకి పాఠం మొదలెట్టారు. "దీనిమీద ఈ గీత చూశారా? నీళ్ళు ఇక్కడున్నాయి. నీరు పోటెక్కేటప్పుడు మొదటి గంట నిద్రపోతున్నట్టుంటుంది. రెండో గంటలో లేస్తుంది. మూడు, నాలుగు గంటల్లో పరుగెత్తుతుంది. నిద్రపోతోంది కదా అని మనం కూర్చోకూడదు."

పదకొండు ముప్పావుకి ఆయన లేచి, "పదండి," అన్నారు. సముద్రం అద్దంలా ఉంది. "పది నిమిషాలు నాన్నా, నాలుగు ఫోటోలు తీసుకుని వెళదాం," అన్నాను. పది నిమిషాలు నలభై అయ్యాయి. రెండోసారి ఆయన గొంతు మారింది. "నీళ్ళు గీత దాటి జానెడు పైకొచ్చాయి. లే అమ్మా!" నలభై ఏళ్ళ నన్ను ఆయన అలా గద్దించడం నాకు జ్ఞాపకం లేదు.

వచ్చేటప్పుడు చీలమండల లోతున్న చోట ఇప్పుడు నా తొడల దాకా, మావాడి నడుము పైదాకా నీళ్ళు. లోతు కాదు భయపెట్టింది, పక్కకి లాగుతున్న ప్రవాహం. కాలికింద రాయి కనిపించడంలేదు. మావాడి బూటు ఒకటి జారి కొట్టుకుపోయింది. వాడు దాని వైపు తిరగబోయాడు. నాన్న వాడి మణికట్టు పట్టుకున్న చెయ్యి వదల్లేదు. "బూటు పోనీ. నన్ను చూడు. ఒడ్డుని చూడు. నడు." రెండో చేత్తో ఆయన, నేను మా అమ్మాయిని మధ్యన పెట్టుకుని ఒక గొలుసులా నడిచాం. ఒడ్డు నుంచి మావారు పరుగెత్తుకొచ్చి పిల్లాణ్ణి ఎత్తుకున్నారు. మొత్తం కలిపి ఏడెనిమిది నిమిషాలు. ఒడ్డెక్కాక చూస్తే మావాడి మణికట్టు మీద నాన్న అయిదు వేళ్ళూ ఎర్రగా తేలి ఉన్నాయి.

నాన్న చెప్పని పాఠం

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక వరండాలో కూర్చున్నాం. పున్నమి వెన్నెల్లో గియాం చుట్టూ సముద్రం. మేం నడిచిన దారి జాడే లేదు. "క్షమించు నాన్నా," అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పారు.

బందరు వాళ్ళకి సముద్రం కొత్త కాదు. 1864 ఉప్పెనలో సుమారు 30 వేలమంది పోయారని పెద్దలు చెప్పగా విన్నవాళ్ళమే. కానీ 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన నాన్న బతుకులోనిది. పదివేల మందికి పైగా ప్రాణాలు తీసిన రోజు. అప్పటికి ఆయనకి ఇరవై నాలుగేళ్ళు. దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెలో తొలి ఉద్యోగం. బెజవాడలో చుట్టాల పెళ్ళికని శుక్రవారం సాయంత్రం బయల్దేరి వెళ్ళారు. శనివారం సముద్రం వచ్చింది. దార్లు తెగిపోయి, ఆయన మళ్ళీ ఆ ఊరు చేరేసరికి వారం పట్టింది. బడి లేదు. చాలా ఇళ్ళు లేవు.

"హాజరు పట్టీ నా సంచీలోనే ఉండిపోయిందమ్మా. పునరావాస శిబిరంలో కూర్చుని పేర్లు పిలిచాను. ముప్ఫై ఒక్క పేర్లు. పద్నాలుగు మంది పలికారు," అన్నారు.

ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు. అప్పుడర్థమైంది, మా చిన్నప్పుడు మంగినపూడి బీచికి వెళితే ఆయన ఎందుకు నీళ్ళలోకి దిగకుండా, ఒడ్డున నిలబడి మమ్మల్ని వేళ్ళతో లెక్కపెట్టుకుంటూ ఉండేవారో. భయమనుకునేవాళ్ళం. ఎగతాళి కూడా చేసేవాళ్ళం.

మర్నాడు ఫెర్రీ ఎక్కేముందు సుంగై పినాంగ్ కెచిల్‌లో సముద్రానికి ఎదురుగా ఉన్న భద్రకాళి అమ్మవారి గుడికి వెళ్ళాం. నాన్న కొబ్బరికాయ కొట్టారు. ఫెర్రీలో మా అమ్మాయి నోటుపుస్తకం తీసి బొమ్మ వేసింది: ఒక రాయి, దానిమీద గీత, పక్కన టైము. "తాతయ్యా, రేపు ఈ టైముకి నీళ్ళు ఎక్కడుంటాయి?" అని అడిగింది. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి లెక్క చెప్పడం మొదలెట్టారు. ఫోను జేబులోనే ఉండిపోయింది.

వచ్చే సెలవుల్లో మా పిల్లలు బందరు వెళ్తున్నారు. వలందుల సమాధుల తోట, బందరుకోట చూడాలట. ఈసారి అడిగింది వాళ్ళు, మేం కాదు.

వెళ్ళాలనుకునే వారికి నాలుగు మాటలు

దారి: కౌలాలంపూర్ నుంచి లుమూట్‌కి కారులో మూడున్నర, నాలుగు గంటలు. అక్కడి నుంచి ఫెర్రీ. పండగ సెలవుల్లో రద్దీ ఎక్కువ, తొందరగా బయల్దేరండి.

ద్వీపంలో: గులాబీ టాక్సీ మాట్లాడుకుంటే కోట, రాతి బండ, గుళ్ళు అన్నీ సగం రోజులో చూడొచ్చు. ఎక్కేముందే ధర అడగండి.

ఆటుపోట్లు: ఇక్కడ రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఈరోజు పదింటికి నీరు తీస్తే రేపు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా తీస్తుంది. పున్నమికీ, అమావాస్యకీ నీరు బాగా లోపలికి పోతుంది, అంత జోరుగానూ వస్తుంది.

గియాం వెళ్తే: స్థానికుల్ని సమయం అడిగి, నీరు ఇంకా తీస్తుండగానే వెళ్ళి, మళ్ళీ పోటు మొదలవగానే వచ్చేయండి. కాళ్ళకి బిగుతుగా ఉండే బూట్లు వేసుకోండి. వాన, గాలి ఉంటే మానేయండి.

పిల్లలకి: లంక చేరగానే ఒక రాయి మీద నీటి గీత గుర్తుపెట్టుకోండి. పావుగంటకోసారి చూసి, ఎంత పెరిగిందో పెద్దవాళ్ళకి చెప్పే ఉద్యోగం మీదే. పెద్దవాళ్ళు "ఇంకో పది నిమిషాలు" అంటే మాత్రం ఒప్పుకోకండి!